నీలం దారం కట్టిన తాడు

జలపాతం దగ్గర ఉడత పడిపోయి ఆ శనివారానికి పదిహేడు రోజులు.

ఉడత అంటే, కొండ దిగేవాళ్ల తాళ్లన్నీ చూసుకునే తాళ్ల మాస్టారి తమ్ముడు. ఇరవయ్యేళ్లుగా ఆ కొండ మీద గైడు. నిటారు రాళ్ల మీద ఎక్కీ దిగీ ఆ పేరు సంపాదించుకున్నాడు. అసలు పేరు పెళ్లిపత్రికలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అతను పడిన రోజున మాస్టారు ఊళ్లో లేరు. కళ్లజోడు మార్పించుకోవడానికి కింద పట్నానికి వెళ్లారు. సాయంత్రం బస్సు దిగేసరికి తమ్ముడు తుంటి విరిగి, కుడికాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. "తాడు తెగలేదు మాస్టారూ, ముడి జారింది. కంగారులో పైవాళ్లు వదిలేస్తే తాడు నీళ్లలో కొట్టుకుపోయింది" అని చెప్పాడు మేనేజరు.

మాస్టారు నమ్మారు. ఆ మాట నమ్మడం ఆయనకి సులువు. పాతికేళ్లలో ఆయన చేతుల మీదుగా వెళ్లిన తాడు ఒక్కటీ తెగలేదు. మర్నాడే విచారణ కాగితం మీద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. 'తాడులో లోపం లేదు. లోపం ముడిలో ఉండి ఉండాలి.'

సోమవారం పదింటికి విచారణ. ఆ రెండు వాక్యాలూ నిలబడితే ఉడత మెడలో గైడు బిళ్ల ఉండదు. ముడి వెయ్యడం రానివాడని పేరు పడ్డ గైడుకి ఆ కొండ మీద టోపీలమ్మే పని కూడా ఎవరూ ఇవ్వరు.

శనివారం మధ్యాహ్నం మాస్టారు బత్తాయిల సంచీ పట్టుకుని తమ్ముడింటికి బయల్దేరారు. పదిహేడు రోజుల్లో ఇదే మొదటిసారి. ఆసుపత్రిలో ఉండగా రెండుసార్లు వెళ్లారు కానీ రెండుసార్లూ తమ్ముడు నిద్రపోతున్నాడు. నిద్రో, నటనో ఆయన పరీక్షించలేదు.

కొండ నిండా జనం. వేలాడే వంతెన దగ్గర ఫొటోల కోసం వరస. కాఫీ తోటల్లో నడిచొచ్చిన కొత్త పెళ్లికూతురు చెప్పులో జలగని చూసి కెవ్వుమంటే, మొగుడు ధైర్యం చెప్పడానికి బదులు నాలుగడుగులు వెనక్కి వేశాడు. ప్రతిధ్వని గుహ వైపు నుంచి ఎవరో ఎవరి పేరో పిలుస్తున్నారు. గుహ ఆ పేరు మూడుసార్లు తిరిగి ఇస్తోంది. ఆ గుహ పని హాయి అనుకున్నారు మాస్టారు. ఏది అంటే అదే తిరిగి అనడం. తనూ మేనేజరు అన్నదే తిరిగి అన్నారేమో అన్న ఆలోచన రాబోతే, సంచీ చెయ్యి మార్చుకుని దాన్ని దాటేశారు.

జలపాతం వైపు మలుపులో గొలుసు అడ్డం కట్టి ఉంది. 'మరమ్మతుల వల్ల దిగుడు నిలిపివేయబడింది' అని బోర్డు. మరమ్మతు దేనికో బోర్డు చెప్పలేదు.

కొండ చూడ్డానికొచ్చినవాళ్లు తాడు కట్టుకుని జలపాతం అంచు నుంచి దిగే ఆ దిగుడుకో పద్ధతుంది. మాస్టారు పెట్టిన పద్ధతే. ఏ రోజైనా మొదట దిగేది గైడు. నడుం పటకాకి తాడు ముడేసుకుని, అంచున నిలబడి, "తాడు?" అని అరుస్తాడు. పైన తాడు వదిలేవాళ్లు దాన్ని చూసుకుని ఒకే ఒక్క మాట చెప్పాలి. "మంచిది" అనాలి, లేకపోతే "వద్దు" అనాలి. మూడో మాట లేదు. ఒకసారి ఒకడు "పర్లేదు" అన్నాడు. మాస్టారు వాడికి ఆ పూటే టిక్కెట్ల గదిలో పని చూపించారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏ ఏడు కొన్న తాడుకి ఆ ఏటి రంగు దారం చివర చుడతారు. ఈ ఏడు పసుపు, పోయినేడు తెలుపు, అంతకుముందు ఆకుపచ్చ. మూడేళ్లు నిండిన తాడు చూపుకి ఎంత బాగున్నా సరే, ఆ రోజే బారెడు బారెడు ముక్కలుగా కోసెయ్యాలి. కొయ్యకుండా పక్కన పెట్టిన తాడు ఎప్పుడో ఒకప్పుడు ఎవరి నడుముకో చేరుతుందని ఆయన కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్తారు. ఆ ముక్కలే ఊళ్లో బట్టలారేసే దండేలు, మేకల మెడతాళ్లు.

వానకోట్లు అద్దెకిచ్చే దుకాణం వెనక రెండు గదుల ఇల్లు ఉడతది. గుమ్మంలో మరదలు బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తి చూసింది. లేవలేదు.

"రండి బావగారూ. దారి గుర్తుందన్నమాట."

"ఎలా ఉన్నాడమ్మా?"

"మీరు రాసినట్టే ఉన్నారు. లోపంతో."

మాస్టారు బత్తాయిల సంచీ గోడవారగా పెట్టారు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

లోపలి గదిలో ఉడత మంచం మీద ఉన్నాడు. కుడికాలు తొడదాకా కట్టులో ఉంది. కిటికీలోంచి కొండ అంచు కనపడుతుంది కానీ మంచం దానికి వీపు పెట్టి వేసి ఉంది. అలా వెయ్యమన్నది అతనేనని మాస్టారికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"రా అన్నయ్యా. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలూ నా కాలు లాంటిదే. ఇటు పక్కది."

"నొప్పి తగ్గిందా?"

"పగలు పర్లేదు."

పర్లేదు అన్న మాటకి ఇద్దరూ ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉడత ముందు నవ్వాడు. "నన్ను టిక్కెట్ల గదికి పంపకు" అన్నాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఆ పెద్దావిడ ఫోన్ చేస్తోంది, తెలుసా?" అన్నాడు. ఆ రోజు వరసలో అతని తర్వాత దిగాల్సిన డెబ్భయ్యేళ్ల ఆవిడ. మనవలతో పందెం కాసి అంచు దాకా వచ్చింది. "ప్రతి శుక్రవారం. 'మా కుర్రాడెలా ఉన్నాడు?' అంటుంది. నాకు నలభై మూడని చెప్తే, 'అయితే కుర్రాడివే' అంటుంది. నేను పడబట్టి ఆవిడ పడలేదు అన్నయ్యా. ఎప్పుడన్నా నిద్ర పట్టిందంటే అది తల్చుకునే."

మరదలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆసుపత్రి వాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచీ.

"ఏమే, అది ఇప్పుడెందుకు?" ఉడత గొంతు మారింది.

"మీరుండండి. బావగారు తాళ్ల మనిషి కదా. నాకు తెలీక అడుగుతున్నాను, చెప్తారు." సంచీలోంచి తీసి మాస్టారి ఒళ్లో పెట్టింది. "ఈయన బట్టల అడుగున ఉంది. పదహారు రోజులు ఆ సంచీ విప్పబుద్ధి కాలేదు. నిన్న ఉతుకుదామని విప్పాను. చూడండి. ముడి జారిందని కదా మీరు రాసింది? జారిన ముడి ఇలాగే ఉంటుందా?"

జానెడు పటకా ముక్క, దానికి బిగిసి ఉన్న ముడి, ముడి అవతల మూరెడు తాడు. నర్సు పటకాని రెండు వైపులా కత్తిరించి ముడిని మాత్రం వదిలేసిందట. ఇంత ముచ్చటగా వేసిన ముడి కొయ్యబుద్ధి కాలేదందట. తాళ్ల సంగతి ఏమీ తెలియని మనిషి ఆ పని చేసింది.

మాస్టారు కొత్త కళ్లజోడు తీసేశారు. తాడు చూడాలంటే ఆయనకి కళ్లక్కర్లేదు. కళ్లు మూసుకుని వేళ్లతో మొదలుపెట్టారు. ముందు ముడి. జంటముడి. పోగు మీద పోగు దొర్లకుండా, చివర జానెడు వదిలి, లాగి బిగించిన ముడి. పదహారేళ్ల తమ్ముడికి పెరట్లో కూర్చోబెట్టి తను నేర్పిన ముడి. వెయ్యిమంది బరువైనా మోస్తుంది.

వేళ్లు ముడి దాటాయి. మూరెడు దూరంలో తాడు అయిపోయింది. కోసినట్టు కాదు, చీపురు కొసలా పీచుపీచుగా. రాతి అంచు మీద ఒరుసుకుని తెగింది. పై తొడుగు పెళుసు. లోపలి పోగులు గోరు తగిలితే పొడి రాలుతున్నాయి. మూడేళ్ల తాడు ఇలా ఉండదు. అయిదేళ్లదీ ఇలా ఉండదు.

అప్పుడు వేళ్లు వెనక్కి, ముడికి ఇవతల వదిలిన జానెడు కొస దగ్గరికి వెళ్లాయి. అక్కడ దారం చుట్టి ఉంది. పదకొండు చుట్లు. లెక్కపెట్టక్కర్లేదు, ఆయన ఎప్పుడూ పదకొండే చుడతారు. కళ్లు తెరిచారు.

నీలం.

నీలం తొమ్మిదేళ్ల కిందటి రంగు. ఆ ఏటి తాళ్లన్నీ ఎప్పుడో ముక్కలై ఊరంతా దండేలయ్యాయి. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఆయన భార్యది. ఆ జలపాతం దిగిన మొట్టమొదటి ఆడగైడు ఆవిడ. ఆఖరిసారి దిగింది ఆ తాడు మీదే. పైకొచ్చి, "ఒళ్లు వెచ్చగా ఉంది, రేపు రాను" అంది. ఆ రేపు రెండు నెలలు సాగి, మరి లేకుండా పోయింది. తాడుకి మూడేళ్లు నిండిన రోజున మాస్టారు కత్తి చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చున్నారు. తర్వాత కత్తి లోపల పెట్టి, తాడు ఇంటికి తెచ్చి, పెట్టెలో పెట్టి తాళం వేశారు. ప్రతి ఆదివారం తీసి, తుడిచి, మళ్లీ చుట్ట చుట్టి పెడతారు.

"ఏమే" అన్నాడు ఉడత భార్యతో, నెమ్మదిగా. "అన్నయ్యకి టీ పెట్టు."

ఆవిడ బావగారి మొహం చూసింది. "చక్కెర రెండు చెంచాలేనా? అదీ మారిందా?" అని అడిగి వెళ్లింది. అంత కోపంలోనూ ఆవిడ చెంచాల లెక్క మర్చిపోలేదు.

"ఇది నీ దగ్గరికెలా వచ్చిందిరా?"

"వదిలెయ్ అన్నయ్యా."

"పెట్టె తాళంచెవి నా దగ్గరొకటి, అమ్మడి దగ్గరొకటి."

అన్నయ్య కూతురి మాట వచ్చేసరికి ఉడత దుప్పటి అంచు సరిచేసుకున్నాడు.

"అమ్మడు తెచ్చిందా?"

"ఆ రోజు జనం విరగబడ్డారు. మేనేజరు రెండో దిగుడు కూడా తెరవమన్నాడు. తాడు లేదన్నాను. నీ తాళ్లగది తాళం నీతో పట్నం వెళ్లింది. 'ఉండు బాబాయ్, ఇంట్లో ఒకటుంది' అని పరిగెత్తింది పిల్ల. తెచ్చింది. కట్టుకున్నాను."

"రంగు చూసుకోలేదా? ఇరవయ్యేళ్ల గైడువి! కొస చూసుకోకుండా నడుముకి కట్టుకుంటావా?"

"నీ ఇంట్లోంచి వచ్చిన తాడుకి రంగు చూడాలా అన్నయ్యా?"

బయట ఎవరో వానకోటు బేరమాడుతున్నారు. చినుకులు పడకుండానే అద్దె ఎందుకివ్వాలని వాదిస్తున్నారు.

"మరి ఈ మాట పదిహేడు రోజులుగా ఎందుకు చెప్పలేదురా?"

"స్పృహ వచ్చిన రోజు నీకే చెప్దామనుకున్నా. నీ ఒక్కడికే. ఈలోగా నువ్వు సంతకం పెట్టేశావని మేనేజరు వచ్చి చెప్పాడు. కాగితం కూడా చూపించాడు." ఉడత గోడకేసి చూస్తున్నాడు. "ఏమైందిరా అని నువ్వొక్కమాట అడగలేదు అన్నయ్యా. ఒక్క మాట. ముడి నీ చేత్తో నేర్పినదే. తాడు నీది. రెంట్లో ఏదో ఒకటి తప్పవ్వాలంటే, క్షణం ఆలోచించకుండా నన్ను తప్పన్నావు."

"నేను..."

"పోనీలే. ఇప్పుడది మంచికే వచ్చింది. విను. సోమవారం నువ్వు నోరు విప్పకు. పిల్ల బిళ్లకి ఇంకా నెల నిండలేదు. పాత తాడు తెచ్చిందని తెలిస్తే దాన్ని జన్మలో ఈ కొండ ఎక్కనివ్వరు. నేనా, ఈ కాలుతో ఇంక రాయి ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. ఎలాగూ పోయే బిళ్ల."

"బిళ్లతో పాటు పేరు కూడా పోతుందిరా."

"పోయింది కదా. నువ్వు రాసిన రోజే పోయింది."

గుమ్మంలో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. మరదలు ఎప్పటినుంచి అక్కడుందో తెలీదు. టీ మీద మీగడ కట్టింది కాబట్టి, చాలాసేపటినుంచే.

"అయితే మీ ఇంటి తాడన్నమాట" అంది.

"ఏమే, నువ్వు లోపలికెళ్లు."

"ఎంత లోపలికెళ్లమంటారు? ఉన్నవే రెండు గదులు." గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే మాస్టారికి కాస్త తేలికయ్యేది. "నీళ్ల పంపు దగ్గర జనం నన్ను చూసి ఏమంటున్నారో తెలుసా బావగారూ? 'పాపం, మొగుడికి ముడి వెయ్యడం రాదట' అని. ఇన్నాళ్లూ ఈయన్ని అడిగాను, ఏమైందండీ అని. గోడకి చెప్పుకున్నట్టే. ఇదా సంగతి! పిల్ల కోసమట. మాకు పిల్లల్లేరు కాబట్టి మా బిళ్ల చవకన్నమాట."

"ఆ పిల్లని నువ్వే పెంచావు కదే" అన్నాడు ఉడత. "వదిన పోయాక రెండేళ్లు నీ పక్కలోనే పడుకుంది."

"పెంచాను కాబట్టే అడుగుతున్నాను. నిజం దాచమని నేనెప్పుడు నేర్పాను దానికి?"

మాస్టారి ఒళ్లోంచి ఆ ముడిని తీసుకుంది. ఆయన వేళ్లు ఒక్క క్షణం వదల్లేదు, తర్వాత వదిలాయి. గోడగూట్లో దీపం పక్కన పెట్టింది.

"ఇది ఇక్కడే ఉంటుంది. సోమవారం పదింటికి నేనే తెస్తాను. మీరు చెప్తే మీరు చెప్పండి. చెప్పకపోతే ఇదే చెప్తుంది. టీ తాగండి, చల్లారిపోతోంది."

ఆయన తాగారు. చక్కెర సరిగ్గా ఉంది.

ఇంటికి వెళ్లే దారి ఏటవాలు. మాస్టారు ఎన్నో ఏళ్ల తర్వాత పక్కనున్న కమ్మీ పట్టుకుని నడిచారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. పంచుకోవడానికి ఇక్కడ మిగిలిందేముంది? తమ్ముడు తన వాటా కాలుతో తీర్చేశాడు. పిల్ల తీసింది తాళం వేసిన పెట్టె. వేసింది ఎవరు? కొయ్యాల్సిన రోజున కొయ్యనిది ఎవరు? కొయ్యని తాడు ఎవరి నడుముకో చేరుతుందని అందరికీ చెప్పిన మనిషే.

వాకిట్లో తడిమట్టి మీద జీపు చక్రాల గుర్తులు. తాజావి. ఎవరు వచ్చి వెళ్లారా అనుకుంటూనే లోపలికి నడిచారు. ముందు పెట్టె చూడాలి.

పెట్టె తెరిచారు. తాడుండే చోట తాడంత గుండ్రని గుర్తు ఉంది, దుమ్ము లేకుండా. రెండు ఆదివారాలుగా ఆయన పెట్టె తియ్యలేదు. తమ్ముడి మీది కోపంలో భార్య తాడుని కూడా మర్చిపోయారు.

వెనక అడుగుల చప్పుడు.

"నాన్నా."

కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మెడలో కొత్త బిళ్ల. పదిహేడు రోజులుగా తండ్రితో కలిసి అన్నం తినలేదు. ఆకలి లేదంటే, బాబాయి మీది బెంగ అనుకున్నారు ఆయన.

"బాబాయ్ చెప్పాడా?"

"వాడు చెప్పలేదు. నీలం దారం చెప్పింది."

పిల్ల అక్కడే నేల మీద కూర్చుంది. వాళ్లమ్మ కూడా అలాగే, నిలబడ్డ చోటే కూర్చునేది.

"తాడు నా చేతుల్లో తెగింది నాన్నా. ముడి జారలేదని నాకు తెలుసు. జారితే తాడు మొత్తం పైకొస్తుంది కదా. తెగిన కొస వచ్చింది. మేనేజరు దాన్ని సంచీలో వేసుకుని, ముడి జారిందని చెప్పు, లేకపోతే మీ నాన్న ఉద్యోగం పోతుంది అన్నాడు. నువ్వూ వచ్చి అదే అన్నావు. నీకన్నీ తెలిసే అన్నావనుకున్నా."

"రంగు చూశావా, తెచ్చేటప్పుడు?"

"చూశాను."

"నీలం ఏ ఏడుదో తెలియదా నీకు?"

"తెలుసు."

"మరెందుకు తెచ్చావమ్మా?" ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినపడింది.

"నువ్వు కొయ్యలేదు కదా నాన్నా." పిల్ల మొహంలో అమాయకత్వం లేదు, వాదన లేదు. లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. "పాడైన తాడుని నువ్వు ఆ రోజే కోసేస్తావు. ఎవరు బతిమాలినా ఒక్క రోజు ఆగవు. దీన్ని కొయ్యలేదు. పైగా ప్రతి ఆదివారం తుడుస్తావు. అమ్మ తాడు. ఇంట్లో అన్నిటికన్నా మంచి తాడు ఇదేననుకున్నాను. బాబాయ్ అంచు మీద నిలబడి 'తాడు?' అంటే, చూడకుండానే 'మంచిది' అన్నాను. నిజంగానే అన్నాను."

వానకి ముందుండే గాలి కిటికీ తలుపుని ఒకసారి తెరిచి ఒకసారి మూసింది.

పిల్ల తండ్రి చేతిని పట్టుకుంది. చిన్నప్పుడు మొదటిసారి అంచు దాకా తీసుకెళ్లినప్పుడు పట్టుకున్నట్టే, రెండు చేతులతో.

"ఇప్పుడు నువ్వు చెప్పు నాన్నా. తాడు?"

చెప్పడానికి రెండు మాటలే ఉన్నాయి. మూడో మాటని పాతికేళ్ల కిందట తనే తీసేశారు. మంచిది అంటే పిల్ల బతికినంత కాలం తెగిన తాడు తన చేతి తప్పనుకుంటుంది. రెండోది అంటే ప్రతి ఆదివారం తండ్రి తుడిచిందేమిటో దానికి తెలిసిపోతుంది. పర్లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దు" అన్నారు మాస్టారు.

పిల్ల చేతులు వదిలేస్తుందనుకున్నారు. వదల్లేదు. అంతకన్నా గట్టిగా పట్టుకుంది.

"సోమవారం నేనే చెప్తానమ్మా. మొత్తం. పెట్టెతో మొదలుపెట్టి. నీ మీదికి రానివ్వను."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"వాకిట్లో జీపు గుర్తులు చూశావా?" అంది. "నువ్వు బాబాయ్ దగ్గరికెళ్లడం చూసి మేనేజరు వచ్చాడు. నా చేత కాగితం రాయించుకెళ్లాడు. ముడి జారడం నేను కళ్లారా చూశానని. నీ మాట అబద్ధం కాకూడదని సంతకం పెట్టేశాను నాన్నా."

కింద, రెండు గదుల ఇంట్లో, గోడగూట్లో దీపం పక్కన ఆ ముడి చెక్కుచెదరకుండా సోమవారం కోసం ఎదురుచూస్తోంది.